వీసీఆర్‌కు ఆఖరి పని

 1976 సెప్టెంబరులో జపాన్‌లో జేవీసీ కంపెనీ వీహెచ్ఎస్ క్యాసెట్‌నీ, దాన్ని ఆడించే వీసీఆర్‌నీ బయటపెట్టింది. 1982 ఆసియా క్రీడలతో కలర్ టీవీ వచ్చాక ఆ మిషన్ కృష్ణా తీరానికీ చేరింది. కొనలేనివాళ్లు టీవీ, వీసీపీ (రికార్డింగ్ లేని ప్లేయర్) రాత్రికి అద్దెకు తెచ్చుకుని తెల్లవారేలోగా మూడు సినిమాలు చూసేసేవారు. తర్వాత పెళ్లి పందిట్లోకి వీడియో కెమెరా వచ్చింది. పురోహితుడి కన్నా లైటు పట్టుకున్న కుర్రాడి మాటే ఎక్కువ చెల్లేది. ఆనాటి క్యాసెట్లు ఇప్పుడు అటకల మీద ఉన్నాయి. వాటిని డీవీడీల్లోకి ఎక్కించడమే వీసీఆర్‌కు మిగిలిన ఆఖరి పని.

టేపు వెడల్పు అర అంగుళం. సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా నడవదు. పాట అయితే ఆ నడకలో ఎలాగో పడుతుంది, బొమ్మ పట్టదు. దీనికి దారి 1956లో అమెరికాలో యాంపెక్స్ ఇంజనీర్లు చూపారు: టేపును పరుగెత్తించే బదులు బొమ్మను రాసే, చదివే హెడ్లనే తిప్పారు. వీసీఆర్‌లో కాస్త ఒరిగి నిలబడిన డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. దాని అంచున ఎదురెదురుగా రెండు హెడ్లు. టేపు ఏటవాలుగా చుట్టుకుని ఉంటుంది కాబట్టి ఒక్కో హెడ్డు ఒక్కో వాలుగీత గీస్తుంది. సెకనుకు 50 గీతలు, గీతకు సగం బొమ్మ. గీత వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అంత సన్నటి దారిని నలభై ఏళ్ల తర్వాత మళ్లీ పట్టుకోవాలి.

ఈలోగా టేపు సాగి ఉంటుంది, మోటారు తడబడుతుంది. తెర మీద కొన్ని గీతలు వెంట్రుకవాసి ముందు, కొన్ని వెనక మొదలవుతాయి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఆ తడబాటుకు సర్దుకుపోయేది. కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం సర్దుకోదు. పందిరి గుంజలు వంకర్లు పోతాయి, ఫ్రేములు జారిపోతాయి, మాటకూ పెదవికీ పొంతన కుదరదు. దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్, క్లుప్తంగా టీబీసీ. తెర మీది ప్రతి గీతనూ క్షణకాలం మెమరీలో పట్టుకుని సరైన వేళకు వదులుతుంది.

అందుకే డబ్బు ముందు ప్లేయర్ మీద పెట్టాలంటాను. చాలామంది డీవీడీ రికార్డర్ గురించే అడుగుతారు. 1987లో వచ్చిన ఎస్-వీహెచ్ఎస్ రకంలో జేవీసీ, పానసోనిక్ పెద్ద మోడళ్లు కొన్నింటిలో టీబీసీ లోపలే ఉంటుంది. వెలుగునూ రంగునూ వేర్వేరుగా పంపే ఎస్-వీడియో సాకెట్ కూడా ఉంటుంది. మామూలు క్యాసెట్‌లోనూ వెలుగు, రంగు వేర్వేరుగానే రాసి ఉంటాయి. వాటిని మామూలు పసుపుపచ్చ వైరులో కలిపి మళ్లీ విడదీయడం ఎందుకు? అంత మంచి ప్లేయర్ దొరక్కపోతే, పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 లాంటి పాత డీవీడీ రికార్డర్ గుండా బొమ్మను పంపినా గీతలు చాలావరకు కుదురుకుంటాయి.

కొత్త మిషన్ అనే మాటే లేదు. చివరిదాకా తయారుచేసిన ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. సెకండ్‌హ్యాండ్‌ది కొనేటప్పుడు పోతే పోయే క్యాసెట్ ఒకటి పట్టుకెళ్లి ఆడించి చూడాలి. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే ఆ క్యాసెట్‌ను మంచి మిషన్లో పెట్టకూడదు, హెడ్లు పాడవుతాయి, బూజు తర్వాతి క్యాసెట్లకూ అంటుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన ఇళ్లలో తడిసినవైతే ఎండకు ఆరబెట్టనూ కూడదు. అమెరికా నుంచి అల్లుడుగారు పంపిన క్యాసెట్‌ది మరో గొడవ: అది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మనది పాల్. అక్కడ తెర మీది గీతలు 525, మనవి 625. దానికి ఎన్‌టీఎస్‌సీ ఆడించే ప్లేయరే వెతకాలి.

ఇక డిస్కు. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. మూడు గంటల పెళ్లిని ఒక్క డిస్కులో కుక్కేద్దామని నాలుగు గంటల మోడ్ నొక్కుతారు. మంగళసూత్రం దాకా బాగానే ఉంటుంది. తలంబ్రాల దగ్గర తెర నిండా గింజలు ఒక్కసారి కదులుతాయి. ముందు ఫ్రేముకూ దీనికీ ఉన్న తేడానే రాసి చోటు మిగిల్చే కంప్రెషన్‌కు అప్పుడు ఊపిరాడదు. పెళ్లికూతురి మొహం చదరపు గడులైపోతుంది. రెండు డిస్కులు చేస్తే పోయేది ఇంకో డిస్కు ఖరీదే. పైగా ఇంట్లో రాసే డీవీడీలో డేటా పడేది రంగుపొర మీద, వేడికీ ఎండకూ అది పాలిపోతుంది. ముందు డీవీ ఫైలుగా, గంటకు 13 జీబీ చొప్పున, హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుంటే డీవీడీలు ఎన్నయినా, ఎప్పుడైనా తీసుకోవచ్చు.