ధర్మాసుపత్రుల యేర్పాటు: ఉద్యోగార్థులు తెలిసికొనవలసినది



మీ యింట మనుమరాలో మనుమడో నర్సు చదువో, వైద్యపు చదువో ముగించి, సర్కారు ఆరోగ్యశాఖలో నుద్యోగమునకై ఇంటర్వ్యూకు పోవుచుండవచ్చును. ముందునాటి రాత్రి వారు ఎముకల పేర్లును, మందుల మోతాదులును వల్లించుచుందురు. మంచిదే. కాని పరీక్షకు లడుగదగిన ప్రశ్న వేఱొకటి కలదు. "నడిరేయి నిండుచూలాలికి రక్తస్రావ మగుచున్నది. నీవు ఉపకేంద్రమున నొంటిగా నున్నావు. ఏమి చేయుదువు? ఎవరికి తెలుపుదువు? ఎక్కడికి పంపుదువు?"

మొదటిదానికి పుస్తకమున జవాబున్నది. నాడి చూడవలెను, ఎడమప్రక్కకు పరుండబెట్టవలెను, లోపల చేయిపెట్టి పరీక్షింపరాదు. తక్కిన రెంటికిని సర్కారు వైద్యపు టేర్పాటు తెలిసినగాని జవాబు రాదు.

ఈ యేర్పాటునకు పునాది 1943లో నియమింపబడి 1946లో నివేదిక నొసగిన భోర్ సంఘము వేసినది. వైద్యము పట్టణములందే నిలిచిపోరాదనియు, రోగము కుదుర్చుటయు రాకుండ కాచుటయు నొక్కచోటనే జరుగవలెననియు వారు చెప్పిరి. 1952లో సమాజ వికాస ప్రణాళికతోపాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు వెలయసాగినవి.

మైదానమున 5,000 మందికి నొక ఉపకేంద్రము, 30,000 మందికి నొక ప్రాథమిక కేంద్రము, 1,20,000 మందికి ముప్పది పడకల సామాజిక కేంద్రము ఉండవలెనని నియమము. కొండసీమలందును, గిరిజన ప్రాంతములందును ఈ సంఖ్యలు వరుసగా 3,000, 20,000, 80,000. ఇది కాగితముమీది లెక్క. మీ మండలమున నెట్లున్నదో మీరే యెఱుగుదురు. ఉపకేంద్రమున టీకాలు వేయుటయు, గర్భిణులను చూచుటయు నర్సమ్మ పని. 2005లో నారంభమైన గ్రామీణ ఆరోగ్య పథకమువలన ఆశా కార్యకర్త యామెకు తోడైనది. ప్రాథమిక కేంద్రమున వైద్యాధికారి యుండును.

ఇక నా చూలాలి సంగతి. మెట్టు తరువాత మెట్టెక్కవలెనను పిల్లవాడు, ఆమెను ప్రాథమిక కేంద్రమునకు పంపుదునని చెప్పును. అక్కడ కడుపుకోసి బిడ్డను తీయు వసతి యుండదు, ఎక్కించుటకు రక్తముండదు. అచ్చట గడచిన గంట ఆమె ప్రాణమునే తీయవచ్చును. శస్త్రచికిత్సకు వైద్యురాలును, మత్తుమందిచ్చు వైద్యుడును, రక్తమును, ఈ మూడును ఆ రాత్రి యెచ్చట నున్నవో అచ్చటికే నేరుగా పంపవలెను. సామాజిక కేంద్రమున మూడును ఉండవలసినవే గాని, ఒకటి లేకున్నను తక్కిన రెండును నిరుపయోగములు. కావున 108 బండిని పిలిచి, వైద్యాధికారికి తెలిపి, చేర్చుకొను ఆసుపత్రికి ముందుగా ఫోను చేసి, చీటి వ్రాసి, రక్తమీయగల బంధువు నొకనిని వెంట పంపవలెను.

ఆ ఫోను వట్టి మర్యాదకు కాదు. ప్రాథమిక కేంద్రముల యధికారులు వేఱు, జిల్లా ఆసుపత్రులవారు వేఱు, వైద్యకళాశాలల ఆసుపత్రులవారు వేఱు. రోగికి దారి యొక్కటే యైనను, దారిలో యజమానులు మాఱుదురు. క్రిందివారు పైవారి నాజ్ఞాపింపలేరు. ముందుగా తెలిపి సిద్ధపఱుపవలసినదే. ఇది తెలియని యుద్యోగి చీటి వ్రాసి చేతులు దులుపుకొనును. ఆ చీటి పట్టుకొని బంధువులు రాత్రియంతయు ఊళ్లు తిరుగుదురు.

మీరు చేయగల సాయ మొకటి కలదు. ఇంటర్వ్యూకు ముందు బిడ్డను మీ యుపకేంద్రమునకు తోడ్కొని పొండు. కష్టకాన్పు వచ్చినప్పు డెవరికి ఫోను చేసితిరో, ఎక్కడికి పంపితిరో, చేరుటకెంతసేపు పట్టినదో నర్సమ్మ నడిగి తెలిసికొనుమనుడు.