నర్సాపురం లేసు: జీఐ ట్యాగ్ వచ్చింది, అల్లే ఆడవాళ్లకి ఏం వచ్చింది?

ఈరోజు నర్సాపురం లేసు గురించి మాట్లాడుకుందాం. 2024లో దీనికి జీఐ ట్యాగ్ వచ్చినప్పుడు మనలో చాలామంది గొప్పగా షేర్ చేశాం. మంచిదే. కానీ ట్యాగ్ కాపాడేది పేరుని. అల్లినావిడ చేతికి ఎంత కూలి వస్తుందన్నది వేరే సంగతి. అక్కడ పనికొచ్చేది సంఘం. ఎందుకో చెప్తాను.

ముందు కొంచెం హిస్టరీ. 1844 ప్రాంతంలో గోదావరి జిల్లాల్లో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి ఈ పని నేర్పారు. తర్వాత నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకింది. కావాల్సినవి రెండే, కొక్కెం ఉన్న సూది, నూలు దారం. మగ్గం అక్కర్లేదు, షెడ్డు అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే అరుగు మీద కూర్చుని అల్లుకోవచ్చు.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. ఇంట్లో కూర్చుని చేస్తున్నారు కాబట్టి "ఏదో ఖాళీ టైంలో చేసుకునే పని" అనేశారు. మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్ట్ 1970ల చివర్లో నర్సాపురం వచ్చి పరిశోధన చేశారు, 1982లో దాని మీద పుస్తకం వేశారు. రోజుకి ఆరేసి, ఎనిమిదేసి గంటలు అల్లే వాళ్లని కూడా గృహిణుల కిందే లెక్కేస్తున్నారని, కూలి అంత తక్కువగా ఉండటానికి అదే కారణమని ఆవిడ చెప్పారు. నిజమే కదా, కార్మికురాలని ఒప్పుకోకపోతే కనీస వేతనం ఎవర్ని అడుగుతుంది?

ఇప్పుడు పని ఎలా నడుస్తుందో చూడండి. వ్యాపారి దారం ఇస్తాడు, ఏజెంట్ ఇంటింటికీ పంచుతాడు. ఒకావిడ పూలు మాత్రమే అల్లుతుంది. ఆ పూలన్నిటినీ ఇంకో ఇంట్లో ఇంకొకావిడ కలుపుతుంది, దాన్ని అతుకుపని అంటారు. అప్పుడే అది టేబుల్ క్లాత్ అవుతుంది. అంటే ఇరవై ఏళ్ల నుంచి అల్లుతున్న మనిషి దగ్గర కూడా అమ్ముకోడానికి పూర్తి వస్తువు ఉండదు. "ఇన్‌స్టాలో పేజీ పెట్టి డైరెక్ట్‌గా అమ్ముకోవచ్చుగా" అని మనం ఈజీగా అనేస్తాం. ఏం అమ్ముతుందండీ? దారం తనది కాదు, డిజైన్ తనది కాదు, కొనేదెవరో కూడా తెలీదు. ఒక్కతే రేటు పెంచమంటే ఏజెంట్ పక్కింటికి వెళ్తాడు.

సంఘం ఉంటే దారం టోకున కొంటారు, పూలల్లేవాళ్లూ అతికేవాళ్లూ ఒకే లెక్కలోకి వస్తారు, రేటు అందరూ కలిసి చెప్తారు. ఇలాంటి సొసైటీలు పెట్టుకోడానికి మనకి 1995 నుంచి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. నర్సాపురం పక్కన లేసు పార్కు కూడా ఉంది. డ్వాక్రా గ్రూపులు ఉన్నాయిగా అంటారేమో. అవి అప్పు ఇప్పిస్తాయి, ఆర్డర్ తెచ్చి పెట్టడం వేరే పని. నా లెక్కలో ప్రభుత్వం డబ్బు పెట్టాల్సింది ఎగ్జిబిషన్ స్టాళ్ల కంటే ముందు ఈ సొసైటీల్లో లెక్కలు రాసేవాళ్ల మీద, డిజైన్ చేసేవాళ్ల మీద.

ఇక ట్యాగ్ సంగతి. జీఐ వచ్చినంత మాత్రాన అల్లే ప్రతి మనిషికీ ఆ గుర్తు వాడుకునే హక్కు ఆటోమేటిక్‌గా రాదు. "అధీకృత వినియోగదారు"గా విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఆ అప్లికేషన్ ఫీజు 500 రూపాయలు ఉండేది, 2020లో 10కి తగ్గించారు. కాబట్టి అడ్డం డబ్బు కాదు, కాగితాలు. ఫారం నింపిపెట్టే మనిషి ఒకరు సంఘంలో ఉంటే పని అయిపోతుంది. డిగ్రీ చదివే అమ్మాయిలు ఉన్న ఊళ్లలో ఇదేం పెద్ద కష్టం?

నేర్పడం గురించి ఒక్క మాట. స్లోవేనియాలో ఇద్రియా అనే చిన్న ఊళ్లో 1876లో లేసు స్కూల్ పెట్టారు, ఇప్పటికీ పిల్లలు అక్కడ నేర్చుకుంటున్నారు. 2018లో ఆ దేశపు లేసు అల్లిక యునెస్కో జాబితాకి ఎక్కింది. మన దగ్గర అమ్మ చూసి కూతురు నేర్చుకోవడమే స్కూలు. కూలి చూసి కూతురు వద్దంటే ఆ స్కూలు మూతపడినట్టే.

మీరు ఎప్పుడైనా కొనేటప్పుడు గుడ్డని వెనక్కి తిప్పండి. పువ్వుకీ పువ్వుకీ మధ్య చేత్తో వేసిన అతుకు కనిపిస్తుందేమో చూడండి. మెషిన్ లేసు చాలా చవగ్గా దొరుకుతుంది, అందుకే షాపులో ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఇది ఏ సొసైటీ నుంచి వచ్చింది?