కొండదారిలో షాఫ్టు విరిగిన జీపు

తిరుపతి నుండి మదనపల్లె పోవు దారిలో భాకరాపేట ఘాటు కలదు. కొంతకాలము క్రిందట మేము ఒక జీపులో ఆ ఘాటు ఎక్కుచుండగా అడుగున ఠప్పుమని శబ్దమైనది. ఇంజను గర్జించుచునే యున్నది. బండి మాత్రము ఒక్క క్షణము నిలిచి, వెనుకకు జారసాగినది. డ్రైవరు హ్యాండు బ్రేకు లాగెను. జీపు లక్ష్యపెట్టలేదు. కాలిబ్రేకు అదిమిన పిమ్మట గాని అది ఆగలేదు. "రాయి పెట్రా అబ్బోడా, రాయి!" అని ఆయన కేక వేయగా, క్లీనరు కుర్రవాడు దుమికి వెనుక చక్రము క్రిందికి బండరాయి త్రోసెను. విరిగినది ప్రొపెల్లర్ షాఫ్టు. అది విరిగినచో బండి ముందుకు పోదని అందరును ఎరుగుదురు. హ్యాండు బ్రేకు ఎందులకు పోయినది? నేటి మా ప్రసంగము దానిని గూర్చియే.

ఇంజను ముందును, నడుపు చక్రములు వెనుకను గల బండిలో గేరుబాక్సు నుండి వెనుక ఇరుసునకు శక్తిని చేరవేయు గొట్టమే ఈ షాఫ్టు. గేరుబాక్సు చాసిస్‌కు బిగింపబడి యుండును. ఇరుసో, కమాన్‌కట్టల మీద ఎగిరిపడుచుండును. నడుమ బిగింపబడిన కడ్డీ అట్టి కుదుపులకు నిలువదు. కావున రెండు కొనలయందును సిలువ యాకారము గల జాయింట్లు అమర్తురు. మన మెకానిక్కులు దీనిని 'క్రాస్' అందురు. ఇటలీ దేశపు కార్దానో పేరను, 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ పేరను దీనిని పిలుచుట కలదు. ఇందొక చిక్కున్నది. వంపుగా తిరుగునప్పుడు ఈ జాయింటు ప్రతి చుట్టులోను రెండుమార్లు వేగపడి, రెండుమార్లు మందగించును. రెండవ కొన జాయింటు ఆ హెచ్చుతగ్గులను సరిచేయవలెను. అందులకు షాఫ్టు రెండు కొనల కవలలు ఒకే వరుసలో నుండవలెను. విప్పునపుడు సుద్దముక్కతో గుర్తు పెట్టుకొనుట ఇందుకే.

మేమెక్కిన జీపు ఒక కర్మాగారమున పుట్టినది కాదు. ఒక బండి చాసిస్, మరియొక దాని గేరుబాక్సు, పెట్రోలు ఇంజను తీసివేసి పెట్టిన డీజిలు ఇంజను. ఇట్లు కూర్చుట మనకు క్రొత్త గాదు. 1940ల చివర మహీంద్రా వారు విల్లీస్ జీపులను విదేశము నుండి వచ్చిన విడిభాగములతోనే బొంబాయిలో కూర్చిరి. ఇంగ్లండులో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కారును, పన్ను తప్పునని, విడిభాగములుగా కొని ఇంటిలోనే బిగించుకొనిన వారు పెక్కురు. అయితే ఇంజను మారినపుడు షాఫ్టు పొడవును మారును. దానిని కోసి, కురచచేసి, వెల్డింగు పెట్టుదురు. లేతు మీద తిన్నగా నిలిపి, బరువు సమము చేయకుండ అతికిన షాఫ్టు వేగమున వణకును. ఆ వణకు మొదట క్రాస్‌ను తినును. పిదప అతుకును తెంపును.

ఇక బ్రేకు సంగతి. సాధారణముగా కార్లలో హ్యాండు బ్రేకు తీగ వెనుక చక్రములకు పోవును. పాత విల్లీస్ జీపులోను, ఆ నమూనా జీపులు పెక్కింటిలోను అట్లు గాదు. గేరుపెట్టె వెనుక, షాఫ్టు మొదట ఒక చిన్న డ్రమ్ము ఉండును. హ్యాండు బ్రేకు పట్టునది దానిని. అనగా అది చక్రములను గాక షాఫ్టును పట్టుచున్నది. షాఫ్టు తెగినచో అది పట్టిన పట్టు చక్రములకు చేరదు. గేరులో వేసి నిలుపుదమన్నను దారి అదియే గదా.

అంతకన్న ఘోరమైన దింకొకటి గలదు. షాఫ్టు విరుగనక్కరలేదు, మరమ్మతుకై విప్పినను చాలును. ఏటవాలు నేలపై జీపు నిలిపి, హ్యాండు బ్రేకు లాగితిమను ధైర్యముతో క్రిందికి దూరి, ఒక్కొక్క బోల్టే విప్పినవాడు కడపటి బోల్టు తీసిన క్షణమున బండిని తానే వదలుచున్నాడు. అది వాని మీదుగా పోవును. అట్లే వెనుక చక్రము నొకదానిని జాకీపై లేపినచో, లేచిన చక్రము వెనుదిరుగుచుండగా నేలనున్న చక్రము దొర్లగలదు. బ్రేకు వేసియున్నను జీపు జాకీ మీదినుండి జారిపడును. చక్రములకు దిగువ వైపున రాళ్లు గట్టిగా పెట్టక ముందు క్రిందికి తల దూర్చరాదు. చేత హ్యాండు బ్రేకు ఉన్నవారు ఒకసారి సమతలమున వంగి, దాని తీగ ఎటు పోవుచున్నదో చూచుకొనుట మేలు.

మా డ్రైవరు నాలుగు చక్రములకు రాళ్లు పెట్టించి, విరిగిన ముక్కలు రెండింటిని విప్పించెను. ఇరుసు వైపు ముక్కను తీగతో కట్టి పోవుదమని ఎవరో అనిరి. అది చక్రములతోపాటు తిరుగునది, కట్టిన కట్టు ఒక ఫర్లాంగు నిలువదు. మా అదృష్టము కొలది ఆ జీపునకు ముందు ఇరుసు కూడ నడుచునది. ముందు లివరు వేయగానే ముందు చక్రములకు శక్తి వచ్చినది. హ్యాండు బ్రేకు పట్టును ముందు షాఫ్టు ద్వారా తిరిగి వచ్చినది. ఎక్కుడులో బరువు వెనుకకు వాలును గనుక ముందు చక్రములు తరచు జారును. మెల్లగా పోయి ఊరు చేరితిమి. కొన్ని కార్లలో షాఫ్టు ముందుకొన గేరుబాక్సులోనికే దూరియుండును; లాగినచో నూనె కారిపోవునని మరువరాదు.

దిగుడులో సంగతి వేరు. తిరుమలకు 1944 నాటి మొదటి ఘాటు రోడ్డు నేడు దిగుటకును, 1974 నాటిది ఎక్కుటకును వాడుచున్నారు. దిగునపుడు చిన్న గేరులో ఇంజనే బండిని పట్టియుంచును. షాఫ్టు తెగిన క్షణమున ఆ పట్టు పోయి, బండి వేగమందుకొనును. కాలిబ్రేకును గట్టిగా వేసి వెంటనే కొండ ప్రక్కన ఆపవలెను. లోయ వైపునకు పోరాదు. అదిమీ అదమక దిగువ దాక పోవుదమనుకొనినచో బ్రేకులు కాగి పట్టు సడలును. ఇంజను ఆపరాదు, నేటి కార్లలో బ్రేకునకు బలమిచ్చునది అదియే. ముందు చక్రములు నడుచు నేటి కార్లలో ప్రొపెల్లర్ షాఫ్టు లేదు. చెరియొక ప్రక్క పొట్టి షాఫ్టులుండును. వానిలో ఒక్కటి తెగినను గేరు బండిని నిలుపలేదు. వానికి హ్యాండు బ్రేకు వెనుక చక్రములయందుండుట కొంత మేలు.

షాఫ్టు చెప్పకుండ విరుగుట అరుదు. క్లచ్చి వదలునపుడు టక్కుమను చప్పుడు, ఒక వేగము దాటగానే అడుగున వణకు, క్రాస్ టోపీల చుట్టు తుప్పు పొడి. చక్రములకు రాళ్లు పెట్టి, షాఫ్టును చేతితో త్రిప్పి చూచిన వదులు తెలియును. గ్రీజు పెట్టు వీలున్న క్రాస్ అయినచో గ్రీజు గన్నునకు నాలుగు నిముషముల పని. మా డ్రైవరు ఆ చప్పుడును పీలేరు సంత నాటినుండి వినుచునే యుండెనట.