వెన్నులో వణుకు... చివర్లో వెలుగు!

దెయ్యాల కథలంటే భయం. అయినా చదవకుండా ఉండలేం! మనలో చాలామంది సంగతి ఇదే కదండీ? యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో, పత్రిక ఇంట్లోకి రాగానే ముందు ఎవరు చదవాలని తోడికోడళ్లు పోట్లాడుకున్న ఇళ్లున్నాయి. దాని తర్వాతి భాగం 'తులసి' 1986లో 'కాష్మోరా' అనే సినిమాగా కూడా వచ్చింది.

అసలు మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పుట్టినవాళ్లకు ఈ భయం కొత్త కాదు. మిరపకాయలు కల్లంలో ఆరబోసి రాత్రి కాపలా పడుకున్నప్పుడు పెద్దవాళ్లు కొరివిదెయ్యం కథలు చెప్పేవారు. దూరంగా నల్లరేగడి చేలల్లో ఎవరి లాంతరో కదిలితే చాలు, పిల్లలందరూ దుప్పట్లో దూరేవారు!

ఈ రుచి తెలిసినవాళ్ల కోసమే మరో రకం నవలలున్నాయి. వాటిని క్రైస్తవ సస్పెన్స్ నవలలంటారు. అమెరికాలో ఫ్రాంక్ పెరెట్టి 1986లో రాసిన 'దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్' వీటిలో బాగా పేరున్నది. ఒక చిన్న ఊరు, ఒక పాస్టరు గారు, ఒక పత్రికాయన, వాళ్ల చుట్టూ కంటికి కనిపించని దేవదూతలకూ దురాత్మలకూ యుద్ధం. రాత్రిపూట ఒంటరిగా చదివితే వంటింట్లో గిన్నె కదిలినా ఉలిక్కిపడతాం.

"ప్రార్థన చేసుకునేవాళ్లకు ఇలాంటి పుస్తకాలెందుకు?" అని అడిగే అత్తగార్లుంటారు. బైబిల్లో సౌలు రాజు చీకట్లో మారువేషం వేసుకుని ఏన్దోరులోని సోదెకత్తె దగ్గరకు వెళ్లిన ఘట్టం చదివారా? చనిపోయిన సమూయేలును పిలిపించమంటాడు! సువార్తల్లో నీళ్లమీద నడిచొచ్చే యేసును చూసి శిష్యులు భూతమనుకుని కేకలు పెడతారు. ఆయన మొదట చెప్పింది భయపడొద్దనే. ఈ నవలలు నడిచే దారి కూడా అదే. ముందు భయం, తర్వాత ధైర్యం.

రెండు కాలాలు, ఒకే ఇల్లు

వీటిలో కొన్ని రెండు కాలాల్లో నడుస్తాయి. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమా గుర్తుందా? జేజెమ్మ కథ ఒకపక్క, ఇప్పటి అరుంధతి కథ మరోపక్క. అలాగన్నమాట. జేమీ జో రైట్ 2017లో రాసిన 'ది హౌస్ ఆన్ ఫోస్టర్ హిల్'లో ఈ కాలపు యువతి ఒక పాత ఇల్లు కొనుక్కుంటుంది. నూరేళ్ల కిందట అదే చోట గుర్తు తెలియని ఒక అమ్మాయి శవం దొరికింది. ఆమె ఎవరు? ఎవరు చంపారు? ఒక అధ్యాయం అప్పుడు, ఒక అధ్యాయం ఇప్పుడు. ఇలాంటి కథల్లో తరచుగా దెయ్యం అనుకున్నది దెయ్యం కాదు, మనిషి దాచిన పాపం అని తేలుతుంది. అక్కడే అసలు రుచి!

మన నేలలోనూ ఉంది కథ

ఇలాంటి కథకు అమెరికాయే కావాలా? గుంటూరుకు హేయర్ దొరగారు 1842లో వచ్చారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడి ఆడవాళ్లకు వైద్యం చేసి, 1898లో ఆస్పత్రి తెరిచారు. 1876-78 కరువులో ఒంగోలు మిషన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకం పని తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఒక్కసారి ఊహించండి. ఆ రోజు నీళ్లలో దిగిన ఒక తల్లి. ఆమె మునిమనవరాలి ఇంట్లో ఇప్పుడొక పాత బైబిలు. మొదటి పేజీల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసి ఉన్నాయి. అందులో ఒక పేరు మాత్రం సిరాతో కొట్టేసి ఉంది. ఎవరిది? ఎందుకు కొట్టేశారు? బడి రికార్డులో ఒక పేరు, చర్చి రిజిస్టర్లో మరో పేరు ఉన్న కుటుంబాలు మన చుట్టూ ఎన్ని లేవు! రాయగలవాళ్లుంటే రాయండమ్మా, ఇది మన కథ.

చదివేముందు...

* ఈ పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. కాలేజీ చదివే పిల్లలచేత వారానికి రెండు అధ్యాయాలు చదివించుకుని కథ చెప్పించుకోండి. వాళ్లకు ఇంగ్లీషు, మీకు కాలక్షేపం.

* ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమపక్క అప్పటివాళ్ల పేర్లు, కుడిపక్క ఇప్పటివాళ్ల పేర్లు రాసుకోండి. ఇక తికమక ఉండదు.

* పాత కాలంలో వచ్చిన ఉంగరం, ఉత్తరం, ఫొటో లాంటివి గుర్తుపెట్టుకోండి. ఇప్పటి కథలో అవి మళ్లీ కనిపిస్తాయి. ముడి విప్పేది అవే.

* ఆఖరి పేజీలు ముందు చూడొద్దు! పప్పు ఉడక్కముందే తాలింపు పెట్టినట్టుంటుంది.

* చిన్నపిల్లలు భయపడితే ఆపేయండి. పగలు, అందరూ ఉన్నప్పుడు చదవండి.

ఒక్క మాట మాత్రం మరవొద్దు

కథలో భయం కథలోనే ఉండాలి. చేతబడి చేసిందన్న అనుమానంతో ఆడవాళ్లను చెట్టుకు కట్టి కొట్టిన వార్తలు, చంపేసిన వార్తలు పేపర్లలో మనం చదివినవే. ఎక్కువగా బలయ్యేది ఒంటరి ముసలమ్మలు, అండలేని విధవరాళ్లు. పిల్లకు జ్వరమొస్తే పక్కింటావిడ చూపు తగిలిందని కాదు, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. 'తులసిదళం' వచ్చినప్పుడు కూడా మూఢనమ్మకాలు పెంచుతోందని విమర్శలొచ్చాయి. మంచి సస్పెన్స్ నవల పుస్తకం మూసేసరికి మన చేతిలో ఒక ప్రశ్న పెడుతుంది. ఎవరిమీదైనా నింద పడినప్పుడు, నిజం తెలుసుకున్నామా, లేక భయపడి నమ్మేశామా? అని. ఆ ప్రశ్న వాడకట్టులో ఒక్క ఆడదాన్ని కాపాడినా, మనం చదివిన నాలుగొందల పేజీలూ దండగ కానట్టే.

కాబట్టి ఈసారి పత్తితీతలు అయిపోయి కాస్త తీరిక దొరికినప్పుడు ఇలాంటి నవల ఒకటి పట్టుకోండి. భయమేస్తే లైటు వేసుకోండి. కానీ మధ్యలో మాత్రం వదిలేయకండి!