మీకు తెలుసా? ఆటుకు తేలే, పోటుకు మునిగే దీవులు!

ఇంగ్లండ్ ఈశాన్యాన, నార్తంబర్లాండ్ ఒడ్డుకు ఎదురుగా ఫార్న్ దీవులున్నాయి. ఎన్నున్నాయో చెప్పాలంటే ముందు సముద్రం సంగతి చూడాలి! ఆటు వేళ లెక్కపెడితే 28. పోటు వచ్చిందా, దాదాపు సగం నీళ్ల కిందికి వెళ్లిపోతాయి! మిగిలిన కాసిని రాళ్ల మీదే పక్షుల, సీళ్ల సందడంతా!

పఫిన్ అనే సముద్రపక్షిని ఫొటోల్లో చూసే ఉంటారు. రంగురంగుల ముక్కు, బొద్దు ఒళ్లు! అది కాపురం పెట్టేది చెట్టు మీద కాదు, నేలలోని బొరియలో! మరి లెక్కెలా? ఈ దీవులను చూసుకునే రేంజర్లు నేల మీద బోర్లా పడుకుంటారు. బొరియలోకి భుజం దాకా చెయ్యి పెట్టి తడుముతారు! లోపలున్న పఫిన్ ఊరుకుంటుందా? వేలు పట్టి కొరుకుతుంది! 2024లో తేలిన లెక్క, సుమారు 50 వేల జంటలు!

ఇక్కడి పక్షులకు రక్షణ నిన్న మొన్నటిది కాదు! క్రీ.శ. 676లో కత్‌బర్ట్ అనే సన్యాసి ఇక్కడికొచ్చి ఒంటరిగా ఉండిపోయాడు. ఈడర్ బాతుల జోలికి ఎవరూ పోవద్దని ఆయనే కట్టడి చేశాడని చెప్పుకుంటారు. ఆ ప్రాంతంవాళ్లకు ఈడర్ ఇప్పటికీ ‘కడ్డీ బాతు’. కడ్డీ అంటే కత్‌బర్ట్‌కు ముద్దుపేరు!

గిల్లెమాట్ అనే సముద్రపక్షి పిల్లది ఇంకో సాహసం! ఎగరడం రాదు. రెక్కలు పూర్తిగా రానేలేదు. వయసు 3 వారాలే! అయినా నిలువు కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకేస్తుంది! కింద నీళ్లలో దానికి తోడుండేది ఎవరో తెలుసా? నాన్న!

చలికాలం ముంగిట ఇక్కడ సీల్ పిల్లలు పుడతాయి. తెల్లటి బొచ్చు ముద్దలు! మన గేదె పాలలో వెన్న 7 శాతం ఉంటేనే మురిసిపోతాం. సీల్ తల్లి పాలలో సగం దాకా కొవ్వే! ఆ పాలు తాగి పిల్ల 18 రోజుల్లో మూడింతల బరువెక్కుతుంది! లెక్క తప్పకుండా రేంజర్లు ఒకప్పుడు పుట్టిన పిల్లలకు రంగు చుక్క పెట్టేవారు. వారానికో రంగు!

ఇక అసలైన వింత! పక్షులు గూళ్లు పెట్టే కాలంలో ఈ దీవుల్లో దిగేటప్పుడు నెత్తిన టోపీ ఉండి తీరాలి. లేకపోతే ఆర్కిటిక్ టెర్న్ అనే పక్షి మీదికి దూసుకొచ్చి మాడు మీద టకటకా పొడుస్తుంది! గూటి దగ్గరికి ఎవరొచ్చినా దానికి లెక్కలేదు. తూకం వేస్తే రెండు కోడిగుడ్లంత కూడా ఉండదేమో! అలాంటి ఒక పక్షి కాలికి చిన్న పరికరం కట్టి వదిలారు. 2015 జులైలో వెళ్లింది. అంటార్కిటికా దాకా పోయింది! మరుసటి మే నెలలో తిరిగొచ్చింది. పరికరం విప్పి చూస్తే, 96,000 కిలోమీటర్లు! భూమిని రెండు చుట్లు చుట్టినా ఇంకా మిగిలేంత దూరం! అంత తిరిగి వచ్చి వాలిందెక్కడో తెలుసా? పోటుకు సగం మునిగిపోయే ఈ చిన్న రాళ్ల మీదే!