వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ

హాల్లో ఒక్కటే సెట్‌టాప్ బాక్సు. పడకగదిలో మంచం దిగలేని నాన్నమ్మకూ సీరియల్ కావాలి. గోడకు కన్నం పెట్టకుండా ఆ పని చేసేదే వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ. బాక్సుకు తగిలించిన ట్రాన్స్‌మిటర్ బొమ్మనూ మాటనూ రేడియో తరంగాలుగా పంపుతుంది. అవతలి టీవీకున్న రిసీవర్ అందుకుంటుంది.

గోడలు దాటాలంటే 5 గిగాహెర్ట్జ్‌ కిట్లు మేలు. 60 గిగాహెర్ట్జ్ తరంగాలకు మనిషి అడ్డొచ్చినా ఇబ్బందే. పాత 2.4 గిగాహెర్ట్జ్ వీడియో సెండర్లయితే వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తిరిగితే చాలు, తెర నిండా గీతలు పడేవి.

రిమోట్ సంగతి మరవొద్దు. దాని పరారుణ కిరణం గోడ దాటదు. ఆ సంకేతాన్ని వెనక్కి మోసే ఏర్పాటు కిట్‌లో లేకపోతే ఛానల్ మార్చడానికి హాల్లోకి నడవాల్సిందే. అట్టపెట్టె మీది మీటర్ల లెక్క అడ్డుగోడలు లేని చోటిది. మీ ఇంట్లో పెట్టి చూశాకే కొనండి.