కిటికీ పగిలితే కప్పు పోతుంది

2024 అక్టోబరు 6, ఆదివారం రాత్రి నేను డాలస్ హోటల్లో పడుకునేటప్పటికి గల్ఫ్‌లో ఉన్న మిల్టన్ కేటగిరీ 1 హరికేన్. సోమవారం మధ్యాహ్నం మీటింగులోంచి బయటకొచ్చి ఫోన్ చూస్తే కేటగిరీ 5. మొహం టాంపా వైపు. మంగళవారం ఉదయం 9 గంటలకల్లా టాంపా విమానాశ్రయం మూసేస్తామన్నారు. నాకు టికెట్ దొరకలేదు. ఇంట్లో మా ఆవిడ, ఆరేళ్ళ పాప, విశాఖపట్నం నుంచి వచ్చి ఉన్న మా నాన్నగారు. గరాజ్‌లో గోడకి ఆనించి, ఇల్లు అమ్మినాయన వదిలేసి వెళ్ళిన యాభై చిల్లర ఇనుప రేకులు.

కిటికీలకి తుపాను రక్షణ "ఉంది" అనుకునే ఆ ఇల్లు కొన్నాం. లిస్టింగులో కూడా అలాగే రాసి ఉంది. ఏ రేకు ఏ కిటికీదో మార్కర్‌తో రాసిన నంబర్లు సగం చెరిగిపోయాయని, గోడలో బిగించిన బోల్టులకి రెండుసార్లు పెయింట్ పడి వింగ్ నట్లు ఎక్కవని ఆ రోజు దాకా మాకెవరికీ తెలియదు. మొత్తం పద్నాలుగు కిటికీలు, తలుపుల్లో పదమూడింటికి పొద్దుపోయేదాకా తంటాలుపడి రేకులు బిగించారు. వెనకవైపు లనాయ్‌లోకి తెరుచుకునే పెద్ద గాజు తలుపు మాత్రం మిగిలిపోయింది. దాని రేకులు మనిషి కన్నా పొడుగు, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు నిచ్చెన మీద నుంచి బిగించాలి. డెబ్భై ఒక్కేళ్ళ నాన్నగారు నిచ్చెన ఎక్కబోతే మా ఆవిడ "మావయ్యగారూ, ముందు దిగండి" అని కేకేసిందట. మాది ఖాళీ చేయమన్న జోన్ కాబట్టి మర్నాడు మధ్యాహ్నం తాళం వేసి లోపలి ఊళ్ళో ఉన్న స్నేహితుల ఇంటికి వెళ్ళిపోయారు.

ఫోన్లో నా గొంతు విని నాన్నగారు, "ఒరేయ్, ఒక్క తలుపేగా మిగిలింది. అద్దం పగిలితే ఊడ్చుకుంటాం. దానికింత కంగారెందుకు?" అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, విశాఖపట్నంలో అయితే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఫ్లాట్‌లో అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు రెండు ఫ్రేముతో సహా లోపలికొచ్చి పడ్డాయి. పరుపులు తడిశాయి, రెండ్రోజులు నీళ్ళు తోడుకున్నారు. అంతే. పైన కాంక్రీటు స్లాబు అలాగే ఉంది. మనం పుట్టి పెరిగిన ఇళ్ళలో కిటికీ వేరు, కప్పు వేరు. ఒకటి పోయినంత మాత్రాన రెండోది పోదు. అమెరికా ఇంట్లో ఆ ధీమా పనికిరాదు. మనవాళ్ళు చాలామంది ఇక్కడ ఇల్లు కొన్నాక కూడా స్లాబు ఇంటి లెక్కలే వేస్తూంటారు. నేనూ వేశాను.

ఫ్లారిడాలో మా ఇల్లులాంటివాటికి గోడలు కాంక్రీటు ఇటుకలే అయినా కప్పు మాత్రం చెక్క ట్రస్సులు, వాటిమీద ప్లైవుడ్, దానిమీద షింగిల్స్. దాన్ని కిందకి పట్టి ఉంచేవి మేకులూ, ఇనుప పట్టీలూను. గాలి కప్పు మీదుగా పోతూ దాన్ని పైకి పీలుస్తుంది. ఇల్లు మూసి ఉన్నంతసేపూ పట్టీలు తట్టుకోవాల్సింది ముఖ్యంగా ఆ పీలుపునే. గాలి కొడుతున్న వైపు పెద్ద తలుపొకటి పగిలిందనుకోండి, గాలి లోపలికి జొరబడి ఇంటిని బెలూన్లా ఊదుతుంది. పైనుంచి పీలుపు, కిందనుంచి తోపు.

ఎంత తోపో మనవాళ్ళ కోసం లెక్క వేసి చూద్దాం. గాలి వేగాన్ని మైళ్ళలో తీసుకుని, వర్గం చేసి, 0.00256తో గుణిస్తే చదరపు అడుగుకి ఎన్ని పౌండ్ల ఒత్తిడో వస్తుంది. గంటకి 130 మైళ్ళకి అది సుమారు 43. ఇంటి ఎత్తు, చుట్టూ ఉన్న చెట్లు, ఇళ్ళు వగైరా సవరణలు ప్రస్తుతానికి వదిలేద్దాం. ఇంజనీర్లు వాడే ఏఎస్‌సీఈ 7 ప్రమాణంలో మూసి ఉన్న ఇంటికి లోపలి ఒత్తిడి గుణకం 0.18. ఒక పక్కన పెద్ద కంత పడ్డ ఇంటికి 0.55. కప్పు 1500 చదరపు అడుగులైతే మొదటి సందర్భంలో లోపలినుంచి తోపు 11,600 పౌండ్లు, రెండో సందర్భంలో 35,500 పౌండ్లు. అంటే ఒక్క తలుపు పగిలినందుకు కప్పు మీద అదనంగా పడేది దాదాపు 11 టన్నులు. "కిటికీ కాస్త తీసి ఉంచితే ఒత్తిడి సమానమవుతుంది" అని ఏటా వాట్సాప్‌లో తిరిగే సలహా ఎందుకు ప్రమాదమో ఇందులోనే ఉంది. అద్దాలకి ఇంటూ గుర్తులా టేపు అంటించడం వల్ల టేపు ఖర్చు తప్ప ఏమీ ఉండదు.

1992 ఆగస్టు 24న ఆండ్రూ దక్షిణ ఫ్లారిడాని ఊడ్చేసినప్పుడు ఈ సంగతి వేల ఇళ్ళలో కళ్ళారా చూశారు. కిటికీ, గాజు తలుపు, గరాజ్ తలుపు, వీటిలో ఏది ముందు పోతే దాని వెనకాలే కప్పు పోయింది. దాని తర్వాతే మయామీ-డేడ్ కౌంటీ ఇప్పుడందరూ చెప్పుకునే పరీక్ష పెట్టింది. తొమ్మిది పౌండ్ల టూ-బై-ఫోర్ దుంగని ఫిరంగిలాంటి గొట్టంలోంచి సెకనుకి 50 అడుగుల వేగంతో కిటికీ మీదకి పేలుస్తారు. అక్కడితో అయిపోలేదు. దెబ్బతిన్న ఆ కిటికీనే 9,000 సార్లు గాలి ఒత్తిడితో లోపలికి తోస్తూ, బయటకి లాగుతూ ఊగిస్తారు. ఎందుకంటే హరికేన్ ఒక్క దెబ్బతో పోయేది కాదు, గంటల తరబడి ఊపుతుంది. చివరికి అద్దం పగిలి ఉండొచ్చు, ఫ్రేములోంచి మాత్రం ఊడిరాకూడదు, గాలి దూరేంత చీలిక అయిదంగుళాలకి మించి ఉండకూడదు. లోడ్ టెస్ట్ చేశాక సర్వర్‌ని ఆపకుండా ఇంకో పదిరోజులు తిప్పి చూడడం లాంటిది. 2002 మార్చి 1 నుంచి ఫ్లారిడా అంతటికీ ఒకే బిల్డింగ్ కోడ్ వచ్చింది.

కోడ్ అడిగింది కదా అని బిల్డర్లు చవగ్గా పాటించే పద్ధతే మా గరాజ్‌లోని రేకుల దొంతర. రేకులు చెడ్డవని కాదు. సరిగ్గా బిగిస్తే పరీక్ష నెగ్గినవే. స్టీలువి బరువు, అల్యూమినియంవి తేలిక, రెంటి అంచులూ కత్తులే, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. రేకులన్నీ వేస్తే ఇల్లంతా చీకటి గుయ్యారం. ఒకటి రెండు పారదర్శకమైన పాలీకార్బొనేట్ పలకలు కలిపి కొనుక్కుంటే కాస్త వెలుతురు ఉంటుంది. ప్లైవుడ్ ఇంతకన్నా చవక, కానీ తుపాను హెచ్చరిక వచ్చాక దుకాణంలో దొరికితే కదా. దొరికినా అయిదు బై ఎనిమిది అంగుళాల మందం నాలుగు బై ఎనిమిది అడుగుల పలక పాతిక కిలోల పైమాటే. దాన్ని రెండో అంతస్తు కిటికీకి ఎత్తేదెవరు?

అకార్డియన్ షట్టర్లు కిటికీ పక్కనే మడిచిపెట్టి శాశ్వతంగా ఉంటాయి. మన ఊళ్ళో దుకాణాల ముందు ఉండే మడత గేటుని తలుచుకోండి. లాగి గడియ పెడితే అయిపోతుంది, ఒక్క మనిషి చాలు. చూడ్డానికి అందంగా ఉండవు, తీరం దగ్గర పట్టాల్లో ఇసుక, ఉప్పు చేరి బిగుసుకుంటాయి, కాబట్టి ఏటా సిలికాన్ స్ప్రే కొట్టాలి. మోటారుతో దిగే రోల్-డౌన్ షట్టర్లు వాటికన్నా ఖరీదు. కొనేవాళ్ళు ఒకటే చూసుకోండి: కరెంటు పోయినప్పుడు చేత్తో తిప్పే హ్యాండిల్ ఇంటి లోపలినుంచి అందుతుందా లేదా.

ఇహ ఇంపాక్ట్ గ్లాస్. రెండు అద్దాల మధ్య పాలిమర్ పొరని అతికించి చేస్తారు, కారు ముందు అద్దంలాగా. దెబ్బకి సాలెగూడులా పగులుతుంది కానీ ఫ్రేముని వదలదు. ఎవరూ ఏదీ మూయక్కర్లేదు, ఏడాది పొడుగునా ఎండ, చప్పుడు, దొంగతనం కూడా తగ్గుతాయి. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే ఆ అద్దం మార్చాల్సిందే. ధర సంగతికొస్తే, మా ఇంటికి అన్నీ ఇంపాక్ట్ గ్లాసుకి ఇచ్చిన కొటేషన్లో మూడోవంతుకి అన్నీ అకార్డియన్లు వస్తాయి. సేల్స్‌మన్ల మాటల్లో జాగ్రత్త పడాల్సిందీ ఇక్కడే. డబుల్ పేన్ అంటే ఇంపాక్ట్ కాదు. టెంపర్డ్ అంటే ఇంపాక్ట్ కాదు, అది చక్కగా ముక్కలుముక్కలై కంత మిగులుస్తుంది. పాత అద్దానికి అంటించే ఫిల్మ్ కూడా దీనికి సాటి రాదు. మయామీ-డేడ్ ఎన్‌ఓఏ గానీ, ఫ్లారిడా ప్రాడక్ట్ అప్రూవల్ నంబరు గానీ చూపించమనండి. ఆ కాగితంలో ఎలాంటి స్క్రూలు, ఎంత దూరానికొకటి, గోడలోకి ఎంత లోతు అన్నది కూడా రాసి ఉంటుంది. పైనున్న సున్నపు పూత మందాన్ని ఆ లోతులో కలపకూడదు, అది దేన్నీ పట్టి ఉంచదు. కౌంటీ పర్మిట్ అక్కర్లేదనే కాంట్రాక్టర్‌కి నమస్కారం పెట్టి పంపించేయండి. ఆ ఇన్‌స్పెక్టరే మీ క్యూఏ.

మరి ఏది మంచిది? నన్నడిగితే ఆ ప్రశ్నకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి.

ఒకటి, ఏది మిగిలిపోతోంది? ఇంటి రక్షణ సగటు కాదు, మిన్ ఫంక్షన్. పదమూడు కిటికీలకి ఉత్తమమైన అద్దం పెట్టి పద్నాలుగోది వదిలేస్తే మీ ఇంటి విలువ ఆ పద్నాలుగోదే. ఫ్లారిడాలో ఇన్సూరెన్స్ రాయితీకి నింపే తనిఖీ ఫారం కూడా గాజు ఉన్న కంతలన్నిటిలోకీ బలహీనమైనదాన్ని బట్టే మార్కులేస్తుంది. గరాజ్ తలుపుని మనం కిటికీ కాదని మర్చిపోతాం. పదహారడుగుల వెడల్పుతో ఇంటికి అదే అతిపెద్ద కంత. అది మీ ప్రాంతపు గాలికి తగ్గ రేటింగ్ ఉన్నదో కాదో ముందు చూడండి.

రెండు, ఆ రోజు ఇంట్లో ఎవరుంటారు? కన్సల్టింగ్ చేసే మనం సోమవారం నుంచి గురువారం దాకా ఎక్కడుంటామో మనకే తెలియదు. నేనుంటేనే పనిచేసే ఏర్పాటు మా ఇంట్లో ఏర్పాటు కిందకి రాదు. రేకులు కొనేటప్పుడు మనం ఊహించుకునేది తీరుబడిగా ఉన్న ఇద్దరు మగవాళ్ళని. వాస్తవంలో ఉండేది పిల్లని చూసుకుంటూ, అత్తమామల మందులు సర్దుతూ, పెట్రోలుకి లైన్లో నిలబడి వచ్చిన ఒక్క మనిషి.

మిల్టన్ ఆ బుధవారం రాత్రి కాస్త దక్షిణంగా తిరిగి శరసోట దగ్గర సియస్టా కీలో తీరం దాటింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ట్రాపికానా ఫీల్డ్ స్టేడియం కప్పు గుడ్డ చిరిగిపోయింది. మా ఇంటికి కొన్ని షింగిల్స్ మాత్రం ఎగిరాయి. ఆ గాజు తలుపు చెక్కుచెదరలేదు. అది మా తెలివి కాదు. అయినా 2025 సీజన్ మొదలయ్యేలోపు దాన్ని ఇంపాక్ట్ గ్లాసుకి మార్చాం, ఎందుకంటే అది ఎవరూ సులువుగా మూయలేనిది. మేడ మీద కిటికీలకి లోపలినుంచి మూసే అకార్డియన్లు పెట్టాం. కింద చేతికందే చిన్న కిటికీలకి పాత రేకులే ఉంచి, ఒక్కోదానికి పెయింటుతో నంబరు రాసి, బోల్టులు కొత్తవి వేయించాం. గరాజ్ తలుపు మార్చాం. దాంతో ఆ ఏడాదికి ఇండియా ప్రయాణం ఎగిరిపోయింది.

ఖర్చు మాటకొస్తే, 2006లో మొదట పెట్టి 2022లో తిరిగి తెచ్చిన మై సేఫ్ ఫ్లారిడా హోమ్ పథకం నిధులున్నప్పుడు ఇలాంటి పనులకి సాయం చేస్తుంది. దరఖాస్తులు తెరిచిన రోజులు చూసుకుంటూ ఉండాలి. హెచ్‌ఓఏ వాళ్ళు షట్టర్లు అందం చెడగొడతాయంటే, 2024లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం వాళ్ళు ప్రమాణాలు రాసిపెట్టాలి, వాటికి సరిపోయినదాన్ని కాదనకూడదు. టెక్సస్ తీరంలో ఉన్నవాళ్ళకి కాగితాలు వేరు, అక్కడ డబ్ల్యూపీఐ-8 సర్టిఫికెట్ అడగండి.

షట్టర్లు వేసుకుని ఇంట్లోనే ఉండిపోదామనుకునేవాళ్ళకి రెండు మాటలు. నిద్రపోయే గదికి లోపలినుంచి వెంటనే తెరుచుకునే దారి ఒకటైనా ఉంచండి. గాలి తగ్గగానే రేకులు తీసేయండి, నిప్పంటుకుంటే అవే జైలు. ఇంకోటి, ఇదంతా గాలికి, నీళ్ళకి కాదు. 2024 సెప్టెంబరు 26న హెలీన్ టాంపాకి చాలా ఉత్తరాన తీరం దాటినా, దాని ఉప్పెన టాంపా బే చుట్టూ ఇళ్ళలోకి వచ్చింది. అద్దాలు పగలని ఇళ్ళలో కూడా సోఫాలు తేలాయి. 1977 దివిసీమ గురించి మా నాన్నగారికి వేరే చెప్పక్కర్లేదు. ఖాళీ చేయమన్నారనగానే మందుల సంచీ పట్టుకుని ముందు కారెక్కింది ఆయనే.

ఇప్పుడు ఏటా మే నెలాఖరు శనివారం మా ఇంట్లో డ్రిల్. క్రితంసారి మా ఆవిడ ఒక్కత్తే మొదలుపెట్టి అన్నీ మూసేసరికి యాభై రెండు నిమిషాలు పట్టింది. నేను రేకు పట్టుకోబోతే వద్దంది. "నువ్వు డాలస్‌లో ఉన్నావు, స్టాప్‌వాచ్ చూడు చాలు" అంది.